ఊ అన్నది నేనే

పది మంది కూర్చుని పనిచేసే చోట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోవచ్చా, కూడదా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. నాది దురుసు నోరని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. దేనికైనా ఠక్కున అనేస్తాను. ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆలోచనలో పడతాను. నా హెడ్‌ఫోన్ల వల్ల ఒక పెద్దాయన తన మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టుకున్నాడు. హెడ్‌ఫోన్ల వల్ల అని తప్పించుకోవడం ఎందుకు, నా వల్లే.

తొంభైల చివర్లో పుంగనూరులో డి.టి.పి. నేర్చుకుని మదనపల్లెలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో చేరాను. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సెక్కేదాన్ని, సాయంత్రం మళ్ళీ అదే దారిలో ఇంటికి. ప్రెస్సు వెనక గదిలో ఆఫ్‌సెట్ మిషను, దాన్ని నడిపే మనిషి. ముందు గదిలో నా కంప్యూటరు, దానికి ఎదురు గోడ పక్కన ప్రూఫులు చూసే పెద్దాయన బల్ల. యజమాని ఎక్కువగా ఆర్డర్ల కోసం బయటే తిరిగేవాడు. అంటే రోజంతా ఆ ముందు గదిలో ఉండేది మేమిద్దరమే.

ఆయన నలభై ఏళ్ళు సీసపు అచ్చులు ఒక్కొక్కటీ ఏరి పేర్చిన కంపోజిటరు. కంప్యూటరు వచ్చాక ఆ అచ్చులు పాత ఇనుము కొనేవాళ్ళకు పోయాయి, ఆయన మాత్రం ప్రూఫులు చూసేందుకు మిగిలాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మామా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. ఆయన జ్ఞాపకశక్తి గురించి ఆ బజారంతా చెప్పుకునేవారు. ఫలానా ఇంటి పెళ్ళి కార్డులో పదేళ్ళ కింద ఏ పేరు ముందు వచ్చింది, ఏ పేరు వెనక పడినందుకు ఎవరు అలిగారు, అన్నీ కాగితం చూడకుండా చెప్పేవాడు. "ఈయన తలకాయ ఉండంగా మనకి రిజిస్టరు యాల?" అని యజమాని నవ్వేవాడు. ఆ మాటకు మామ ముఖం వెలిగిపోయేది.

ప్రూఫ్ చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కార్డు వేయించుకునేవాళ్ళు రాసిచ్చిన కాగితం ఆయన చేతిలో ఉంటుంది, టైపు చేసినది నా ముందు తెర మీద ఉంటుంది. ఆయన ఒక్కో లైను పైకి చదువుతాడు. నా దగ్గర సరిగ్గా ఉంటే నేను "ఊ" అనాలి. ఊ అంటేనే తర్వాతి లైను. "కథకి ఊ కొట్టేటోళ్ళు ల్యాకపోతే కథ యాడ ముందుకు పోతాది పాపా? ఇదీ అంతే" అనేవాడు. కొత్తలో నేను ఊ అనడం మర్చిపోతే అదే లైను మూడుసార్లు చదివేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి నా నోరు ఎంత అలవాటు పడిందంటే, ఇంట్లో అమ్మ ఏదైనా చెబుతుంటే మాటకొక ఊ పడేది. ఊ అన్నాక ఆ లైనును మళ్ళీ తిరిగి చూసే పద్ధతి మా గదిలో లేదు. చూడాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు.

అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రూఫు లేనప్పుడు కూడా ఆయన నోరు ఊరుకునేది కాదు. పెళ్ళి కార్డు వస్తే పెళ్ళికొడుకు తాత ఎలాంటివాడో చెప్పేవాడు. కలికిరి నుంచి ఎవరైనా వస్తే అక్కడి వానల గురించి అడిగేవాడు, వాళ్ళు పోయాక ఆ వానల గురించే నాకు మళ్ళీ చెప్పేవాడు. భార్య పోయి నాలుగేళ్ళయింది. కొడుకు, కోడలు మంచివాళ్ళే గానీ టమోటా మార్కెట్లో పని, పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరరు. ఆయన మాట్లాడుకోవడానికి ప్రపంచంలో ఉన్నది ఆ గది, ఆ గదిలో నేను. ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఇరవై ఒకటి, ఆయన మాట మొదలుపెడితే తలనొప్పి మొదలయ్యేది.

మా అన్న బెంగళూరు నుంచి వస్తూ ఒక వాక్‌మన్ తెచ్చాడు. చెవులమీద నల్ల స్పాంజి, తల మీదుగా సన్నటి రేకు. రెండు రోజులు బతిమాలి దాన్ని వాడి దగ్గర లాక్కుని ప్రెస్సుకు పట్టుకెళ్ళాను.

"ఏంది పాపా అది, చెవి నొప్పా?" అన్నాడు మామ.

పాటలు వినేది అని చెప్పాను. ఆ పూటకు ఊరుకున్నాడు. రెండో రోజు ఉండబట్టలేకపోయాడు.

"పది మంది వచ్చిపోయే తావులో చెవులు మూసుకోని కూర్చుంటే ఎట్లమ్మా? పిలిస్తే పలకల్ల గదా?"

"పిలిస్తే పలుకుతా మామా. ఊరికే మాట్లాడితే పలకను."

"ఊరికే మాట్లాడేది ఏముండాది? మనుసులన్నాక మాట్లాడుకోకుండా ఉంటారా?"

"అయితే నీ నోటికి ఒక మూత తెచ్చుకో మామా. నేను ఇది ఇప్పుడే తీసేస్తాను."

వెనక గదిలోంచి మిషను మనిషి పకపకా నవ్వాడు. మామ నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, చేతిలోని ప్రూఫు మీదికి వంగాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. ఆ రోజు ఆ గదిలో మా అమ్మ లేదు.

సంగతి యజమాని దాకా పోయింది. ఆయన ఇద్దరి మాటా విన్నాడు. ప్రూఫు చదివేటప్పుడు తీసెయ్యి, మిగతా టైములో నీ ఇష్టం, నాకు పనైతే చాలు అన్నాడు. న్యాయమైన తీర్పే అనుకున్నాను, గెలిచాననుకున్నాను. ఆ తర్వాత మామ నాతో పని మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. నేను కోరుకున్నదీ అదే కాబట్టి ఆ నిశ్శబ్దంలో హాయిగా పాటలు విన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగా హాయిగానే ఉండింది.

ఆ వేసవిలో రామసముద్రం వైపు పల్లె నుంచి ఒకాయన తండ్రి కర్మ కార్డుల కోసం వచ్చాడు. ప్రెస్సులో పెళ్ళి కార్డు ఆగుతుంది గానీ కర్మ కార్డు ఆగదు. చేతిలో ఉన్నవన్నీ పక్కన పెట్టి అది టైపు చేశాను. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను, మామ చదివాడు, నేను లైను లైనుకూ ఊ అన్నాను. కర్మ వచ్చే గురువారం అని ఉంది. కార్డుల కోసం వచ్చినాయన సరేనని, సాయంత్రం వచ్చి తీసుకుపోతానని వెళ్ళాడు.

మధ్యాహ్నం ఆయన బూత్ నుంచి ఫోన్ చేశాడు. తండ్రి ప్రాణం పోయింది పొద్దు పొడవక ముందు. అలా పోతే ముందు రోజు లెక్కలోకే వస్తుందని పురోహితుడు చెప్పాడట. కాబట్టి కర్మ గురువారం కాదు, బుధవారం. ఫోను మామ బల్ల మీద ఉండేది, ఎత్తింది ఆయనే. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. లేచి రాకుండా కూర్చున్న చోటి నుంచే ఆ మార్పు నాకు చెప్పాడు. నేను ఆ సమయానికి అదే కార్డును, మిషనుకు ప్లేటు చేయడానికి, బటర్ పేపరు మీద ప్రింటు తీస్తున్నాను. నా చెవుల్లో పాట ఉంది. ఆయన చెప్పింది నాకు వినపడలేదు. కార్డులన్నీ గురువారం అనే అచ్చయి సాయంత్రం వెళ్ళిపోయాయి.

కర్మ అయిపోయిన రెండు రోజులకు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు, గుండుతో. అరుస్తాడేమో అని భయపడ్డాను. అరవలేదు. ఆ పూట ప్రెస్సులోనే ఉన్న యజమాని ముందు కార్డు ఒకటి పెట్టాడు.

"ఫోన్లో చెప్తిని గదా అనుకోని నేను మళ్ళా సూసుకోలేదు సార్. ఊర్లో వాళ్ళకి నోటితో చెప్పుకుంటిమి. మా యమ్మ పుట్టింటోళ్ళు రామకుప్పం కాడ పల్లెలో ఉండారు, వాళ్ళకి ఫోను ల్యాదు. కార్డే పంపిస్తిమి. మా మేనమామ గురువారం పొద్దున చీర సంచిలో పెట్టుకోని బస్సు దిగినాడు."

మా వైపు భర్త పోయిన ఆడమనిషికి ఆ రోజున పుట్టింటివాళ్ళు చీర పెడతారు. భర్తతో అన్నీ పోయినా నీకు తోబుట్టువులు ఉన్నారు, ఒక ఇల్లు ఉంది అని నలుగురి ముందూ చెప్పడం అది. దానికోసం ఎంత పేదవాళ్ళయినా చేబదులు తెచ్చుకునైనా చీర తీసుకుని వస్తారు.

"తమ్ముడు వస్తాడు, వస్తాడు అని మా యమ్మ అట్లే దావ సూస్తా కూర్చునింది" అన్నాడాయన. "ఆఖరికి పక్కింటామె పెట్టెలో నుంచి చీర తీసిచ్చినాది. పుట్టింట్లో ఎవురూ ల్యాని దాని మాదిరి అయిపాయ మా యమ్మ బతుకు."

యజమాని మా ఇద్దరి వంకా చూశాడు.

"ఫోను నేనే ఎత్తినా" అన్నాడు మామ. "పాపకు చెప్పినా. ఊ అనింది."

"లేదు, నాకు చెప్పలేదు" అన్నాను.

"చెప్తిని గదమ్మా. గురువారం గాదు, బుధవారం అంటి. నువ్వు ఊ అంటివి."

"నువ్వు చెప్పలేదు మామా. నేను ఊ అనలేదు. మా అమ్మ మీద ఒట్టు."

నేను అబద్ధం ఆడుతున్నాననుకోలేదు. ఆయన చెప్పగా నేను వినలేదు, ఊ అన్న గుర్తు లేదు, అంతవరకు నాకు అదే నిజం. కానీ యజమాని ఇంకొకటి అడిగాడు. "చెవులకు అది పెట్టుకోనుంటివా?" అన్నాడు. అక్కడ నేను అబద్ధం ఆడాను. లేదు, పెట్టుకోలేదు అన్నాను. పెట్టుకున్నానంటే తప్పు నా మీదికి వస్తుందని, మామ మొదటి రోజే చెప్పింది నిజమవుతుందని, వెనక గదిలో నవ్విన మనిషి ఈసారి నన్ను చూసి నవ్వుతాడని భయం. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయింది. చెవులు తెరుచుకుని ఉన్న పడుచుపిల్ల మాట ఒకవైపు, అరవై దాటిన ముసలాయన మాట ఒకవైపు.

మామ నన్ను చాలాసేపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకిప్పుడు ఇంత బాధ ఉండేది కాదు. ఆయన తన తలలో దేన్నో వెతుక్కుంటున్నవాడిలా చూశాడు.

"అట్లయితే చెప్పినాననుకోని చెప్పలేదేమో" అన్నాడు మెల్లగా. లేచి ఆ గుండు మనిషికి రెండు చేతులూ జోడించాడు. "నాదే తప్పు నాయనా. ముసిలోన్ని, మతి తప్పినాది. మీ యమ్మకి చెప్పు."

ఆయన్ను ఎవరూ పనిలోంచి తీసేయలేదు. కానీ ఆ తర్వాత ఆయన ప్రతి లైనూ రెండుసార్లు చదివేవాడు. నేను ఊ అన్నాక కూడా "అన్నావా పాపా?" అని అడిగేవాడు. కార్డువాళ్ళు రాసిచ్చిన కాగితం చేతిలోనే పెట్టుకుని బల్లంతా వెతికేవాడు. బజారులో ఎవరైనా పాత కార్డు సంగతి అడిగితే, నాకు జ్ఞాపకం లేదప్పా, ఇంకెవురినన్నా అడుగు అనేవాడు. నెల తిరక్కుండానే రావడం మానేశాడు. ముసలాయనకు విశ్రాంతి దొరికింది అన్నాడు యజమాని. నేను కూడా తల ఊపాను.

తర్వాత నాకు పెళ్ళయింది, మా ఆయన ఉద్యోగం కుప్పంలో. అక్కడ ఒక చిన్న ఆఫీసులో నాకూ పని దొరికింది. రికార్డు చేసిన ఉపన్యాసాలు విని తెలుగులో టైపు చేయడం. ఆరుగురం, ఆరు కంప్యూటర్లు, ఆరు జతల హెడ్‌ఫోన్లు. ఇక్కడ చెవులు మూసుకోకపోతేనే తప్పు. ఎవరికైనా ఏమైనా చెప్పాలంటే లేచి వెళ్ళి భుజం తట్టాలి, లేకపోతే రబ్బరు ముక్క విసరాలి. పక్కసీటు ఆమె కడుపుతో ఉందని నాకు ఐదో నెలలో తెలిసింది, అది కూడా చూసి. అయినా నేను దాన్ని తప్పు పట్టను. పని అలాంటిది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పక్కసీటు అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేను రేపు ఆసుపత్రికి పోతాండా, నా ఫైలు నువ్వు చేస్తావని పొద్దున్నే చెప్తి గదా. ఇంకా తీసుకోలేదే?" అంది.

"నాకు ఎప్పుడు చెప్పావు?"

"చెప్పినా గదక్కా. ఊ అంటివి."

నేను అనలేదన్నాను, కాస్త గట్టిగానే. వెనక కూర్చున్న ఇంకో అమ్మాయి హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి నవ్వింది. "అక్కకి అది అలవాటే. చెవుల్లో ఏమున్నా, మనం మాట్లాడితే ఊ అంటాది. ఏమీ వినపడదు గానీ ఊ మాత్రం అంటాది. మేమందరం ఎన్నిసార్లు నవ్వుకున్నామో."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం, ఎదురు గోడ పక్కన కూర్చున్న మనిషి పెదవులు కదలడం కంటి చివర కనిపించి, నా నోరు తనంతట తానే ఊ అని ఉంటుంది. ఆయన నేర్పిన అలవాటే అది. ఆయన చెప్పాడు. నేను ఊ అన్నాను. తల్లి మీద ఒట్టు పెట్టి మరీ కాదన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఆదివారం మదనపల్లె బస్సెక్కాను. ఆయన ఇల్లు అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. పోయి ఉంటాడేమో అని దారంతా భయం. ఉన్నాడు. గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు గానీ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. పుంగనూరు బస్సులో వచ్చే పాప అన్నాడు, మా అన్న తెచ్చిన వాక్‌మన్ సంగతి కూడా ఆయనే అడిగాడు. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషి మోకాలి మీద, దారంతో పెన్సిలు కట్టిన ఒక నోటు పుస్తకం ఉంది.

"ఇదేంది మామా?"

"మతి లేదు గదమ్మా. చెప్పిన మాటా, చేసిన పనీ రాసి పెట్టుకుంటా."

పుస్తకం నా చేతికిచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తలుపు గడియ వేసినాను. మాత్ర మింగినాను. కోడలికి నీళ్ళు వచ్చినాయని చెప్పినాను, విన్నాది. పేజీ తర్వాత పేజీ అంతే. ఒక్క అక్షర దోషం లేదు.

అప్పుడు చెప్పాను. నువ్వు చెప్పావు మామా, నేను ఊ అన్నాను, నా చెవుల్లో పాట ఉంది, యజమాని అడిగితే లేదని అబద్ధం ఆడాను. ఏడుస్తూ చెప్పాను. పోనీలే తల్లీ అంటాడనుకున్నాను. అలా అంటాడని ఆశపడే వచ్చాను.

"ఎనిమిదేండ్లు పాపా" అన్నాడు. "కొట్టం కాడికి పోయి తాళం వేసినానా లేదా అని నాలుగు తూర్లు సూసొస్తా. నా కండ్లతో సూసింది నేనే నమ్మను. నువ్వు ఆ పొద్దే ఒక్క మాట చెప్పుంటే నాకీ గతి యాల పడుతుంది?"

ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "కోడలు సాయంత్రం వస్తాది. ఈ మాట ఆమెకి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మరు."

సాయంత్రం దాకా ఉన్నాను. కోడలు చేతుల నిండా టమోటా మరకలతో వచ్చింది. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది, కాఫీ కలిపి ఇచ్చింది.

"నీ మాదిరి మంచోళ్ళు ఎవురుండారక్కా? ఆయప్ప మనసు కోసం ఇంత దూరం వచ్చి, తప్పు నీ మీద ఏసుకోని చెప్తాండావు."

"అయ్యో, నిజమేనమ్మా. నేనే ఊ అన్నాను."

"ఆయప్ప మతి సంగతి మాకు తెలీదా అక్కా? అప్పటి నుంచి సూస్తాండాం గదా" అని గొంతు తగ్గించింది. ఆ గదిలో గొంతు తగ్గించినా మంచం దాకా వినపడుతుంది.

మామ పుస్తకం తెరిచి ఒక లైను రాశాడు, రాసి నా వైపు తిప్పాడు. కర్మ బుధవారమని నేను పాపకు చెప్పినాను, పాప ఊ అనింది అని ఉంది. "దీని కింద సంతకం పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. కోడలు మా ఇద్దరినీ చూసి జాలిగా నవ్వి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.